యంత్రం చేతులు మారుతోంది, కాగితం మారటం లేదు

నోటి మాట మీద లక్షల బేరం - అమ్మినవారికీ కొన్నవారికీ చిక్కులే

భీమవరం: పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో పది సెంట్ల స్థలం చేతులు మారాలన్నా దస్తావేజు లేఖరి కావాలి, సాక్షులు కావాలి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం మెట్లెక్కాలి. కాని ఆ పొలాన్ని దున్నే ట్రాక్టరు, చెరువులో తిరిగే ఏరేటరు, కరెంటు పోయిన రాత్రి రొయ్యను బతికించే జనరేటరు, పంట కోసే చైను మిషను మాత్రం టీ కొట్టు దగ్గర మాట మీదనే చేతులు మారిపోతున్నాయి. బయానా చేతిలో పెట్టడం, మిగతా సొమ్ముకు ఒక గడువు చెప్పుకోవడం, యంత్రాన్ని తోలుకుపోవడం - బేరం అంతటితో పూర్తి. ఏ యంత్రం, ఎంత ధర, ఎంత ముట్టింది, ఎంత బాకీ అన్నది రాసుకునేవారు తక్కువ.

అంతా సవ్యంగా జరిగినంతకాలం దీనివల్ల నష్టం కనపడదు. యంత్రం మొరాయించినప్పుడు, బాకీ నిలిచిపోయినప్పుడు, రోడ్డు మీద ప్రమాదం జరిగినప్పుడు, లేదా అది దొంగ సొత్తని పోలీసులు వచ్చినప్పుడు మాత్రం కాగితం ఏదీ అన్న ప్రశ్న వస్తుంది. అప్పటికి అమ్మినవారి మాట ఒకటి, కొన్నవారి మాట ఒకటి. మధ్యవర్తిగా నిలిచినవారు కమీషను పుచ్చుకుని ఎప్పుడో తప్పుకుని వుంటారు.

అమ్మకాలు పెరిగే రోజులు

ఈ విషయం ఇప్పుడు పట్టించుకోవలసి రావడానికి రెండు కారణాలు వున్నాయి. మొదటిది పన్నుల మార్పు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్ల మీద, కోత, నూర్పిడి యంత్రాల మీద, కుట్టు మిషన్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపక ముందు 8 లక్షల రూపాయల ధర వున్న ట్రాక్టరు మీద అంతకు ముందు 96 వేలు పన్ను పడితే, ఇప్పుడు 40 వేలు పడుతుంది. అంటే 56 వేల తేడా. కొత్తదాని ధర తగ్గితే పాతదాని ధర కూడా తగ్గాలని కొనేవారు అడగటం సహజం. పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామని అమ్మేవారికి అనిపించడమూ సహజమే. బయానా ఇచ్చిన తరువాత, పూర్తి సొమ్ము ఇవ్వకముందు ఇటువంటి మార్పు వస్తే పాత మాట నిలుస్తుందా, కొత్త ధర అడగవచ్చునా అన్న తగవు మొదలవుతుంది. కాగితం మీద ధర వుంటే ఆ తగవుకు తావు లేదు.

రెండవది ఆక్వా రంగం ఒడిదుడుకులు. 2025 ఆగస్టు 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతు గుండెల్లో రాయి పడింది. మన రొయ్య ఎక్కువగా పోయేది ఆ దేశానికే. ధర పడిపోయినప్పుడల్లా చెరువు ఖాళీగా వుంచే రైతు, కౌలు వదులుకునే రైతు ఏరేటర్లను, మోటార్లను, జనరేటరును అమ్మి అప్పు తీర్చుకోవడం డెల్టాలో కొత్త కాదు. ఆ సామానును కొనేది కూడా చాలాసార్లు చిన్న రైతే. కొత్తవి కొనే తాహతు లేక పాతవాటి మీద ఆశ పెట్టుకున్నవాడు. అమ్మేవాడు కష్టంలో వుండి అమ్ముతున్నాడు, కొనేవాడు అప్పు చేసి కొంటున్నాడు. కాగితం అవసరం ఇద్దరిలో ఎవరికీ తక్కువ కాదు.

మాట చెల్లదని కాదు

నోటి మాట మీద జరిగిన అమ్మకం చట్టవిరుద్ధమేమీ కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం చరాస్తుల అమ్మకం నోటితో జరగవచ్చు, రాతతో జరగవచ్చు, కొంత అటూ కొంత ఇటూ కూడా జరగవచ్చు. అందువల్ల మన తాతల కాలం నుండి వస్తున్న అలవాటును చట్టం తప్పు పట్టలేదు. చిక్కు అంతా రుజువు దగ్గరే.

పూర్వం ఎద్దుల జతను అమ్మినా, బండిని అమ్మినా కొన్నవాడు పక్క ఊరివాడే. ఇద్దరినీ ఎరిగిన పెద్దమనుషులు వుండేవారు. మాట తప్పినవాడికి సంతలో తల ఎత్తుకునే వీలు వుండేది కాదు. ఆ పెద్దరికమే అప్పట్లో పత్రం. ఈనాడు భీమవరంలో అమ్మిన జనరేటరు వారం తిరక్కుండా ఒంగోలు చేరవచ్చు. తణుకులో కొన్న ట్రాక్టరు మరో రాష్ట్రం నుండి వచ్చినదై వుండవచ్చు. ఫోనులో ఫొటో చూసి, దళారి మాట విని బేరం కుదుర్చుకునే రోజులు ఇవి. మాటకు కాపలా వున్న ఊరి పెద్దరికం బేరంతోపాటు పొలిమేర దాటి పోవటం లేదు. అలవాటు మాత్రం పాతదే మిగిలింది.

సి-బుక్కు వున్న యంత్రాలు

ట్రాక్టరు, ట్రైలరు వంటి రిజిస్ట్రేషన్ వున్న యంత్రాల విషయంలో రైతులు ముఖ్యంగా గమనించవలసింది ఒకటి వున్నది. ఇద్దరి మధ్య ఎంత గట్టి ఒప్పందం రాసుకున్నా, రవాణా శాఖ పుస్తకంలో పేరు మారేవరకు బయటివారి దృష్టిలో పాత యజమానే యజమాని.

దీని మీద సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు అందరూ తెలుసుకోదగినది. ఒకాయన తన కారును 2007లో అమ్మివేశాడు. కొన్నవారు మరొకరికి, వారు ఇంకొకరికి - ఇలా అది చేతులు మారుతూ పోయింది. రిజిస్ట్రేషను మాత్రం మొదటి ఆయన పేరునే వుండిపోయింది. 2009 మే నెలలో ఆ కారు వెనక్కు వస్తూ ఇద్దరిని గుద్దింది. వారిలో ఒక పిల్లవాడు చనిపోయాడు. నేను ఎప్పుడో అమ్మేశాను, నాకేమి సంబంధం అని మొదటి ఆయన వాదించాడు. హైకోర్టు ఆయన వాదనను ఒప్పుకున్నది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషను ఎవరి పేరున వుంటే మోటారు వాహనాల చట్టం దృష్టిలో వారే యజమాని, నష్టపరిహారం బాధ్యత వారిదే అని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. బాధితుడు అమ్మకాల గొలుసును వెతుక్కుంటూ ఒకరి తరువాత ఒకరి వెంట తిరగవలసిన పని లేదన్నది ఆ తీర్పు సారాంశం.

కారుకు చెప్పిన మాట ట్రాక్టరుకూ వర్తిస్తుంది. ఒక రైతు తన ట్రాక్టరును అమ్మి, పేరు మార్పించకుండా వదిలేశాడనుకుందాం. రెండేళ్ల తరువాత అది ఇటుక లోడుతో పోతూ ఎవరినో గుద్దితే కోర్టు నోటీసు వచ్చేది ఈ రైతు ఇంటికే. తన దగ్గర అమ్మకపు పత్రం వుంటే తరువాత కొన్నవాడి మీద దావా వేసి ఆ సొమ్ము రాబట్టుకునే ప్రయత్నం చేయవచ్చు. పత్రం కూడా లేకపోతే ఆ దారి కూడా మూసుకుపోయినట్లే.

పేరు మార్పు విధానం కష్టమైనదేమీ కాదు. అమ్మకం జరిగిన 14 రోజుల్లో అమ్మినవారు ఫారం 29 ద్వారా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో ఫారం 30తో దరఖాస్తు చేసుకోవాలి. ఫైనాన్సు అప్పు వుంటే అది తీరినట్లు కంపెనీ సంతకంతో ఫారం 35 ఇవ్వాలి. సి-బుక్కు మీద ఫైనాన్సు పేరు వుండగా, వారి సమ్మతి లేకుండా కొన్నవారి పేరున మారదు. ఇతర రాష్ట్రం బండి అయితే అక్కడి అధికారి ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. ట్రైలరుకు, అంటే పల్లెల్లో ట్రక్కు అని పిలిచేదానికి, ట్రాక్టరుతో సంబంధం లేకుండా వేరే నంబరు, వేరే పుస్తకం వుంటాయి. ట్రాక్టరు పేరు మార్పించి ట్రక్కు సంగతి మరచిపోకూడదు. బీమా పత్రం కూడా తన పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

రిజిస్ట్రేషను తండ్రి పేరున వుండి ఆయన కాలం చేసి వుంటే కొడుకు నేరుగా అమ్మడానికి వీలు లేదు. ముందు వారసుని పేరుకు ఫారం 31 ద్వారా మార్పించుకోవాలి. అన్నదమ్ములు వుంటే వారి సంతకాలు కూడా ఒప్పందం మీద తీసుకోవడం కొనేవారికి మేలు. లేకపోతే నా వాటా ఏదీ అని తరువాత ఒకరు గుమ్మం ముందు నిలబడవచ్చు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు

అన్నిటికంటె ప్రమాదకరమైన అలవాటు మరొకటి వున్నది. దళారి అడగగానే కొనేవారి పేరు రాయకుండానే ఫారాల మీద సంతకాలు చేసి, సి-బుక్కుతో సహా అప్పగించడం. దళారి ఆ బండిని తన పేరున మార్పించుకోడు. మరొకరికి అమ్మేవరకు ఆ కాగితాలు అలాగే వుంటాయి. ఆ మరొకరు ఇంకొకరికి అమ్మినా అవే ఖాళీ కాగితాలు చేతులు మారుతాయి. బండి ఎక్కడ వున్నదో అమ్మినవారికి తెలియదు, బాధ్యత మాత్రం వారిదే.

పాత వాహనాల వ్యాపారుల మీద కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. అవి 2023 ఏప్రిల్ 1 నుండి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం వ్యాపారికి రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం వుండాలి. బండిని వ్యాపారికి అప్పగించిన సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. అమ్మేవారు ఆ పత్రం చూపించమని అడగవచ్చు. చూపించలేనివాడికి ఖాళీ ఫారాలు ఇవ్వటం మంచిది కాదు.

సి-బుక్కు లేని సామాను

ఏరేటర్లు, జనరేటర్లు, ఆయిలింజన్లు, వెల్డింగ్ మిషన్లు, కుట్టు మిషన్లు, మైకు సెట్లు, పెళ్లిళ్ల ఫొటోలు తీసేవారి కెమెరాలు - వీటికి రవాణా శాఖ పుస్తకం వంటిది ఏదీ లేదు. పేరు మార్చే కార్యాలయం లేదు. అందువల్ల వీటికి ఇద్దరి మధ్య రాసుకున్న కాగితమే సర్వస్వం. ట్రాక్టరు విషయంలో ఒప్పందం లేకపోయినా సి-బుక్కు ఏదో ఒకటి చెబుతుంది. ఏరేటరు విషయంలో చెప్పేది ఏమీ లేదు. అయినా కాగితం రాయించుకునేవారు ట్రాక్టరుకు రాయించుకుంటున్నారు గాని, ఏరేటర్లకు రాయించుకోవటం లేదు. నిజానికి అవసరం ఎక్కువ వున్నచోటనే కాగితం లేకుండా పోతున్నది.

మోటారు దొంగతనాలు పల్లెలకు తెలియనివి కావు. చౌకగా వచ్చిందని కొన్న మోటారు దొంగ సొత్తని తేలితే రెండు రకాల నష్టం వున్నది. మొదటిది, అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. అసలు యజమాని వచ్చి అడిగితే, డబ్బు పెట్టి కొన్నానన్నా సామాను వదులుకోవలసిందే. రెండవది, దొంగ సొత్తని తెలిసి గాని, అలా అనుకోవడానికి తగిన కారణం వుండి గాని కొనడం నేరం. 2024 జూలై 1 నుండి అమల్లో వున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద దీనికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అమ్మినవాడి పేరు, ఊరు, సంతకం, యంత్రం నంబరు, చెల్లించిన ధర వున్న కాగితం చేతిలో వుంటే తాను నిజాయితీగా కొన్నానని చెప్పుకోవడానికి ఒక ఆధారం వుంటుంది. సామాను పోయినా సొమ్ము ఎవరిని అడగాలో తెలుస్తుంది.

అందుకే నంబర్లు ముఖ్యం. ఏరేటరు మోటారు మీద రేకు వుంటుంది, దాని మీద కంపెనీ పేరు, హెచ్.పి., నంబరు వుంటాయి. జనరేటరుకు యింజను నంబరు ఒకటి, ఆల్టర్నేటరు నంబరు ఒకటి వేరువేరుగా వుంటాయి. రెండూ రాయాలి. ఎన్ని గంటలు నడిచిందో మీటరు చూసి అదీ రాయాలి. కెమెరాకు ఒక నంబరు, దాని లెన్సుకు మరో నంబరు వుంటాయి. రేకు ఊడిపోయిన యంత్రమైతే ఆ సంగతే రాసి, యంత్రాన్ని నాలుగు వైపుల నుండి ఫొటో తీసుకుని ఒప్పందానికి జత చేసుకోవచ్చు. పది ఏరేటర్లు అని రాసి వదిలేయకుండా మోటార్లు ఎన్ని, గేరుబాక్సులు ఎన్ని, ఫ్లోట్లు ఎన్ని, వైరు ఎన్ని మీటర్లు అని విడివిడిగా రాసుకుంటే తరువాత లెక్క తప్పదు.

బాగుందన్న మాటకు బలమెంత

పాత యంత్రాన్ని అమ్మేటప్పుడు ఎవరైనా చెప్పేది ఒకటే: బ్రహ్మాండంగా వున్నది, పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. తీరా చెరువు గట్టుకు చేరిన నాలుగో రోజున జనరేటరు పొగ కక్కితే కొన్నవారు ఏమి చేయగలరు?

యంత్రాల వ్యాపారమే వృత్తిగా వున్న దుకాణదారు నుండి, ఇదీ నా అవసరం అని చెప్పి, ఆయన నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ అవసరానికి పనికి రావాలన్న షరతు చట్టమే కల్పిస్తుంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్న యంత్రమైతే అటువంటి దుకాణదారు మీద వినియోగదారుల కమిషనుకు పోయే అవకాశం కూడా వుంటుంది. కాని రైతు నుండి రైతు కొన్నప్పుడు ఆ రక్షణ లేదు. చూసుకుని కొనవలసిన బాధ్యత కొనేవారిదే అన్నది పాత సూత్రం. యంత్రం బాగోగుల గురించి కాగితం మీద రాయని మాటకు ఆ తరువాత బలం చాలా తక్కువ. లోపాన్ని కావాలని దాచి మోసం చేశారని అనుకున్నా, ఆ మోసాన్ని రుజువు చేయవలసింది కొన్నవారే.

అందువల్ల తెలిసిన లోపాలు రాయడం ఇద్దరికీ మంచిది. బ్యాటరీ మార్చాలి, గేరుబాక్సులో చప్పుడు వున్నది, వెనుక టైర్లు అరిగిపోయాయి అని రాసిన అమ్మకందారును రేపు ఎవరూ మోసగాడని అనలేరు. మెకానిక్కును వెంట తీసుకుపోయి గంటసేపు నడిపించి చూసుకున్నానని రాసిన కొనుగోలుదారు కూడా చూడకుండా కొన్నానని అనడానికి వీలుండదు. పది రోజులో, పదిహేను రోజులో గడువు పెట్టి, ఈలోగా యింజను పాడైతే మరమ్మతు ఖర్చు సగం సగం అని రాసుకోవడం మధ్యేమార్గం.

బాకీ సంగతి

అమ్మినవారికి ఎక్కువ దెబ్బ తగిలేది బాకీ దగ్గర. యంత్రం చేతిలో వున్నంతసేపు పూర్తి సొమ్ము ఇచ్చేవరకు కదలనివ్వనని పట్టుబట్టే హక్కు చట్టం ఇచ్చింది. ఒకసారి తోలుకుపోనిస్తే ఆ పట్టు పోతుంది. ఆ తరువాత మిగిలేది సొమ్ము కోసం దావా వేయడం ఒక్కటే. దానికీ గడువు వున్నది. అప్పగించిన తేదీ నుండి గాని, బాకీకి గడువు పెట్టుకుంటే ఆ గడువు తీరిన తేదీ నుండి గాని మూడేళ్లు. ఆ మూడేళ్ల లోపల కొన్నవారు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసి రాసి ఇస్తే, ఆనాటి నుండి మళ్లీ మూడేళ్లు లెక్కపెడతారు. వచ్చే సార్వాకు ఇస్తాను, దాళ్వాకు ఇస్తాను అని నోటితో జరిపిన వాయిదాలు ఈ లెక్కలోకి రావు.

బాకీకి ప్రోనోటు రాయించుకునేవారు కొందరున్నారు. అది మంచిదే. అయితే దానిలో ఫలానా యంత్రం అమ్మకపు బాకీ నిమిత్తం అని వుండాలి. ఒప్పందంలో కూడా ప్రోనోటు ప్రస్తావన వుండాలి. లేకపోతే అదొక చేబదులు, ఇదొక బాకీ అని రెండు అప్పులుగా మారే ప్రమాదం కొన్నవారికి వున్నది. చెక్కు తీసుకుంటే దాని మీద వేసిన తేదీ నుండి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. డబ్బు లేక తిరిగి వస్తే, ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో లాయరు ద్వారానో, స్వయంగానో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే ఆ తరువాత నెల రోజుల్లో కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఈ గడువుల్లో ఏది దాటినా చెక్కు కేసు నిలవకపోవచ్చు.

నగదు విషయంలో మరో జాగ్రత్త. 2017 నుండి ఒక బేరంలో రెండు లక్షలు లేదా అంతకు మించిన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. వాయిదాలుగా తీసుకున్నా ఆ బేరం ఒక్కటే గనుక నిబంధన వర్తిస్తుంది. పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. బ్యాంకు ద్వారా ఇస్తే ఈ చిక్కు లేదు, పైగా అదే ఒక రుజువు.

పన్నులకో, మరొకందుకో భయపడి ఒప్పందంలో అసలు ధర కంటె తక్కువ రాయించుకోవడం కూడా వున్నది. నాలుగు లక్షల బేరానికి రెండు లక్షలని రాస్తే, మిగతా రెండు లక్షల బాకీని ఏ కోర్టులోనైనా అడగడం కష్టం. రాసిన కాగితానికి విరుద్ధంగా చెప్పే నోటి మాటను సాధారణంగా కోర్టు వినదు.

తుపాను వస్తే నష్టం ఎవరిది

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కాకినాడకు దక్షిణాన, నరసాపురం సమీపంలో తీరం దాటింది. అటువంటి రాత్రికి ముందురోజు ఒక జనరేటరుకు బేరం కుదిరి, బయానా ముట్టి, యంత్రం మాత్రం అమ్మినవారి గట్టు మీదనే వుండిపోయిందనుకుందాం. వరద నీటిలో అది మునిగిపోతే నష్టం ఎవరిది? హక్కు ఎవరిదో నష్టమూ వారిదే అని చట్టం చెబుతుంది. కాని హక్కు ఎప్పుడు మారాలన్నది ఇద్దరి ఉద్దేశాన్ని బట్టి వుంటుంది. బయానాతో మారిందని ఒకరు, తోలుకుపోయినప్పుడే మారుతుందని మరొకరు అంటారు. పూర్తి సొమ్ము ముట్టేవరకు హక్కు అమ్మినవారిదే అని రాసుకోవచ్చు. అప్పగించిన తేదీ, గంట నుండి మంచి చెడులు కొన్నవారివే అని రాసుకోవచ్చు. ఏదో ఒకటి రాసుకుంటే తగవు వుండదు. తుపానుల తీరాన వున్న జిల్లాకు ఈ ఒక్క వాక్యం విలువ చిన్నది కాదు.

నమ్మకం లేదా అని అడుగుతారని

కాగితం అడిగితే ఎదుటివారు నొచ్చుకుంటారన్న మొహమాటమే పల్లెల్లో పెద్ద అడ్డంకి. బావగారి దగ్గర కొంటూ, అన్నయ్య వరసైన వారికి అమ్ముతూ సంతకం పెట్టమని ఎలా అడుగుతాం అన్నది చాలామంది మాట. అయితే పొలం దస్తావేజు తమ్ముడి పేరున రాసినా సాక్షులు సంతకం చేస్తున్నారు, అక్కడ ఎవరూ నొచ్చుకోవటం లేదు. చుట్టరికం చెడేది కాగితం రాసుకున్నందువల్ల కాదు, రాసుకోని బేరం బెడిసినందువల్లనే. పైగా మనుషులు కలకాలం వుండరు. అమ్మినవారు, కొన్నవారు పోయిన తరువాత వారి పిల్లలకు నిజం చెప్పేది కాగితమే.

ఖర్చు అవుతుందన్నది రెండో మాట. చరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కేవలం సరుకు అమ్మకానికి సంబంధించిన ఒప్పందాలకు 1899 నాటి స్టాంపు చట్టంలో మినహాయింపు కూడా వున్నది. మామూలు తెల్లకాగితం మీద రాసుకున్నా ఒప్పందం ఒప్పందమే. అనుమానం వున్నవారు దస్తావేజు లేఖరిని అడిగి స్టాంపు కాగితం మీద రాయించుకోవచ్చు. సొమ్ము ముట్టినట్లు ఇచ్చే రసీదు 5 వేల రూపాయలు దాటితే మాత్రం రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయాలి. లక్షల బేరానికి ఇది ఒక ఖర్చు కాదు.

మాదిరి పత్రం

రాసుకోదలచినవారికి ఉపయోగపడే మాదిరి ఇది. రెండు ప్రతులు రాసి ఇద్దరూ చెరొకటి వుంచుకోవాలి.

"........ తేదీన ........ మండలం ........ గ్రామ కాపురస్తులు ........ గారి కుమారుడు ........ గారికి, ........ మండలం ........ గ్రామ కాపురస్తులు ........ గారి కుమారుడు ........ వ్రాసి ఇచ్చిన యంత్ర విక్రయ ఒప్పంద పత్రము.

నా స్వంతమైనట్టియు, నా స్వాధీనములో వున్నట్టియు ఈ దిగువ వివరించిన యంత్రమును తమకు రూ. ........ (అక్షరాల ........ రూపాయలు) లకు విక్రయించితిని. ఇందులో రూ. ........ ఈ దినము ........ ద్వారా నాకు ముట్టినది. మిగత రూ. ........ ను తమరు ........ తేదీలోగా చెల్లించవలెను. యంత్రముపై హక్కు తమకు ........ నాడు సంక్రమించును.

ఈ యంత్రము మీద ఏ బ్యాంకుకు గాని, ఫైనాన్సు కంపెనీకి గాని, ఇతరులకు గాని అప్పు, తాకట్టు, జప్తు, వాటా తగాదాలు లేవు. ఏవైనా వున్నట్లు తేలినచో నా స్వంత ఖర్చులతో పరిష్కరించి, తమకు కలిగిన నష్టమును చెల్లించుకొనగలవాడను.

యంత్రములో నాకు తెలిసిన లోపములు: ........ . తమరు యంత్రమును నడిపించి చూచుకొంటిరి. ........ దినములలోపు ........ పాడైనచో మరమ్మతు ఖర్చులో ........ వంతు నేను భరించగలవాడను.

ఈ దినము ........ గంటలకు యంత్రమును తమ స్వాధీనము చేసితిని. అప్పటి నుండి దాని వలన కలుగు లాభనష్టములకు, ప్రమాదములకు తమరే బాధ్యులు. (రిజిస్ట్రేషన్ వున్న యంత్రమైతే) ........ తేదీలోగా తమ పేరుకు మార్పించుకొనవలెను.

యంత్రము వివరము: కంపెనీ, నమూనా, తయారైన సంవత్సరము, యింజను / మోటారు / చాసిస్ నంబర్లు, నడచిన గంటలు, కూడా ఇచ్చిన సామాను, ఇచ్చిన కాగితములు.

ఇది మా ఉభయుల సమ్మతిన వ్రాసుకొన్న ఒప్పంద పత్రము. అమ్మినవారి సంతకము. కొన్నవారి సంతకము. సాక్షులు ఇద్దరు."

దీనికి కొన్న నాటి బిల్లు, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు జత చేయాలి. బిల్లు లేకపోతే ఆ సంగతి రాయాలి. బ్యాంకు అప్పుతో కొన్నదైతే అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రం చూసిన తరువాతనే సొమ్ము ఇవ్వాలి. రాయితీ మీద వచ్చిన యంత్రమైతే దానిని అమ్మకూడదన్న షరతు ఏమైనా వున్నదేమో మండల వ్యవసాయ అధికారిని ముందే అడిగి తెలుసుకోవాలి. బాకీలో కొంత చెల్లించినప్పుడల్లా పత్రం వెనుక చెల్లు వేయించుకోవడం కొన్నవారు మరువరాదు. చదువు రానివారు వేలిముద్ర వేస్తే, పత్రాన్ని చదివి వినిపించామని సాక్షులు రాసి సంతకం చేయాలి.

తగవు వస్తే

ఇంత రాసుకున్నా తగవు వస్తే కోర్టే శరణ్యం అనుకోనక్కరలేదు. న్యాయ సేవాధికార సంస్థ నిర్వహించే లోక్ అదాలత్‌కు దావా వేయకముందే పోవచ్చు. కోర్టు ఫీజు వుండదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ వుంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఉచిత న్యాయ సలహా కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. అయితే లోక్ అదాలత్‌లో కూర్చున్నవారు కూడా మొదట అడిగేది కాగితం వున్నదా అనే.

పంచాయతీలు, సహకార సంఘాలు పూనుకుంటే ఈ పని సులువు అవుతుంది. అప్పుల పత్రాలు, ఎరువుల రసీదులు అచ్చువేసి వుంచుకుంటున్న సంఘాలు ఇటువంటి విక్రయ పత్రాలు కూడా ఒక కట్ట అచ్చువేయించి అడిగినవారికి నామమాత్రపు ధరకు ఇవ్వవచ్చు. రైతు సంఘాలు, టైలర్ల, ఫొటోగ్రాఫర్ల సంఘాలు తమ సభ్యులకు నంబర్లు రాసి పెట్టుకునే అలవాటు చేయించవచ్చు. రవాణా శాఖ అధికారులు పేరు మార్పు కోసం మండల కేంద్రాల్లో దాళ్వా కోతలకు ముందు శిబిరాలు పెడితే, అమ్మి ఏళ్లు గడిచినా పాత పేర్లతోనే తిరుగుతున్న ట్రాక్టర్లు, ట్రక్కులు కొన్నైనా సరైన పేర్లకు చేరతాయి. అధికారులు ఈ దిశగా ఆలోచించాలని రైతులు కోరవలసిన సమయం ఇది. ఇప్పటికే యంత్రం అమ్మి పేరు మార్పించనివారు మాత్రం శిబిరం కోసం ఎదురు చూడకుండా, కొన్నవారిని వెతికి పట్టుకుని ఆ పని ముగించుకోవడం క్షేమం.